పిలాతు ఎదుట యేసు విచారణ

పిలాతు ఎదుట యేసు విచారణ బైబిలు కొత్త నిబంధనలోని నాలుగు సువార్తలలోను వర్ణింపబడిన ఘట్టం. యెరూషలేము నగరంలో పస్కా పండుగ సమయంలో యేసును బంధించి, యూదుల మత పెద్దలు ముందుగా ప్రశ్నించి, తరువాత రోమను అధికారి అయిన పొంతి పిలాతుకు అప్పగించారు. పిలాతు ఆయనకు సిలువ మరణం విధించాడు. ఈ సంఘటన క్రీ.శ. 30లో గాని, 33లో గాని జరిగి ఉండవచ్చునని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

ప్రపంచ సాహిత్యంలో అన్యాయపు విచారణలు అనేకం ఉన్నాయి. వాటిలో చాలావరకు న్యాయమూర్తి సత్యం తెలియక పొరపాటు పడతాడు, లేదా తాను లంచానికో పగకో లోబడతాడు. ఈ ఘట్టంలోని ప్రత్యేకత వేరు. ఇక్కడ తీర్పు చెప్పేవానికి నిందితుడు నిర్దోషి అని తెలుసు. ఆ మాట అతడు బహిరంగంగా ప్రకటించాడు. అయినా మరణశిక్ష విధించాడు. ఈ కారణం చేతనే ఈ విచారణ క్రైస్తవ మత బోధలో మాత్రమే కాక, న్యాయశాస్త్రంలోను రాజనీతిలోను కూడా చర్చకు వస్తూ ఉన్నది.

ఆధారాలు

ఈ విచారణను గురించిన వివరాలు మత్తయి (26, 27 అధ్యాయాలు), మార్కు (14, 15), లూకా (22, 23), యోహాను (18, 19) సువార్తలలో ఉన్నాయి. వీటిలో మార్కు సువార్త అన్నిటికంటె ముందుగా, సుమారు క్రీ.శ. 70 ప్రాంతంలో వ్రాయబడినదని సాధారణంగా భావిస్తారు. మత్తయి, లూకా సువార్తల రచయితలు మార్కు రచనను ఉపయోగించుకొన్నారనీ, యోహాను సువార్త మొదటి శతాబ్దం చివర వెలువడినదనీ పండితులలో ఎక్కువమంది అంగీకరిస్తారు. కనుక సువార్తలు విచారణ నాటి న్యాయస్థానపు దస్తావేజులు కావు. కొన్ని దశాబ్దాల తరువాత, విశ్వాసులైన వారు వ్రాసిన కథనాలు.

నాలుగింటికీ మధ్య కొన్ని భేదాలు ఉన్నాయి. రాత్రివేళ మహాసభ విచారణను మత్తయి, మార్కు చెబుతారు. లూకాలో మహాసభ తెల్లవారిన తరువాత సమావేశమవుతుంది. యోహాను సువార్తలో మహాసభ విచారణ ప్రత్యేకంగా వర్ణింపబడలేదు, గాని పిలాతుతో జరిగిన సంభాషణ మిగిలిన వాటికంటె విపులంగా ఉన్నది. పిలాతు భార్యకు వచ్చిన కల, పిలాతు చేతులు కడుగుకొనడం మత్తయిలో మాత్రమే ఉన్నాయి. హేరోదు వద్దకు పంపడం లూకాలో మాత్రమే ఉన్నది.

క్రైస్తవేతర రచనలలో రోమను చరిత్రకారుడు టాసిటస్, తిబెరి చక్రవర్తి కాలంలో పిలాతు చేతిలో క్రీస్తు మరణశిక్ష పొందాడని రెండవ శతాబ్దం తొలినాళ్లలో వ్రాశాడు. యూదు చరిత్రకారుడు జోసీఫస్ రచనలో కూడా ఈ ప్రస్తావన కనిపిస్తుంది. కాని ఆ భాగంలో తరువాతి కాలపు క్రైస్తవ లేఖకులు కొన్ని మాటలు చేర్చారని చాలామంది పండితుల అభిప్రాయం.

చారిత్రక నేపథ్యం

యూదయ ప్రాంతం క్రీ.శ. 6 నుండి రోమను అధికారుల ప్రత్యక్ష పాలనలోకి వచ్చింది. పిలాతు క్రీ.శ. 26 నుండి సుమారు 36 వరకు ఈ ప్రాంతానికి అధికారిగా పనిచేశాడు. అతని నివాసం సముద్రతీరంలోని కైసరయ నగరం. పస్కా పండుగకు జనం వేల సంఖ్యలో యెరూషలేముకు వచ్చేవారు. బానిసత్వం నుండి విముక్తి పొందిన జ్ఞాపకంగా జరుపుకొనే పండుగ కావడంతో ఆ రోజులలో అల్లర్లు చెలరేగుతాయేమోనని రోమనులు భయపడేవారు. అందుచేత అధికారి సైన్యంతో సహా నగరానికి వచ్చి ఉండడం ఆనవాయితీ.

1961లో కైసరయ శిథిలాలలో ఇటలీ పురావస్తు శాస్త్రజ్ఞులకు పిలాతు పేరు గల లాటిన్ శాసన ఖండం దొరికింది. అందులో అతని హోదా ప్రిఫెక్టు అని ఉన్నది. టాసిటస్ వాడిన ప్రొక్యురేటరు అనే పదం తరువాతి కాలపు హోదా పేరు అని దీనివలన తెలిసింది.

యూదుల ప్రధాన యాజకుడు కయప సుమారు క్రీ.శ. 18 నుండి 36 వరకు ఆ పదవిలో ఉన్నాడు. ఆ కాలంలో ప్రధాన యాజకుని నియమించే అధికారం, తొలగించే అధికారం రోమను పాలకులకు ఉండేవి. నగరంలో శాంతి నిలిచినంత కాలమే ఆ పదవి నిలుస్తుంది. ఈ సంగతి మనసులో ఉంచుకొంటే కయప మాటలు, పిలాతు వెనుకంజ కూడా బాగా అర్థమవుతాయి. ఇద్దరూ తమపైన ఉన్న అధికారానికి జవాబు చెప్పుకోవలసినవారే.

విచారణ జరిగిన క్రమం

నాలుగు సువార్తలను కలిపి చూస్తే విచారణ ఈ దశలలో జరిగినట్లు తెలుస్తుంది.

మొదటి దశ: గెత్సేమనే తోటలో రాత్రివేళ యేసును పట్టుకొన్నారు. యోహాను ప్రకారం ఆయనను మొదట మాజీ ప్రధాన యాజకుడూ కయపకు మామా అయిన అన్న ఇంటికి తీసుకొని వెళ్ళారు. అక్కడ ఒక బంట్రోతు యేసును చెంపపై కొట్టాడు. తాను చెప్పినది తప్పయితే ఆ తప్పేమిటో నిరూపించాలనీ, తప్పు కానప్పుడు కొట్టడం ఎందుకనీ యేసు అతనిని ప్రశ్నించాడు (యోహాను 18:22-23). ఆ ప్రశ్నకు సమాధానం రాలేదు.

రెండవ దశ: కయప ఇంట మహాసభ సమావేశమైనది. దేవాలయాన్ని పడగొడతానని యేసు అన్నట్లు సాక్షులు చెప్పారు. కాని వారి సాక్ష్యాలు ఒకదానితో ఒకటి పొసగలేదని మార్కు చెబుతాడు. అప్పుడు ప్రధాన యాజకుడు స్వయంగా యేసును ప్రశ్నించి, ఆయన జవాబును దైవదూషణగా పేర్కొన్నాడు.

మూడవ దశ: ఉదయాన యేసును పిలాతుకు అప్పగించారు. యోహాను ప్రకారం ఫిర్యాదుదారులు అధికారి భవనంలో అడుగు పెట్టలేదు. పస్కా భోజనానికి ముందు మైలపడకూడదని వారు బయటనే నిలిచారు. అందుచేత పిలాతు లోపల నిందితునితోను, బయట ఫిర్యాదుదారులతోను మాట్లాడుతూ లోపలికీ బయటికీ తిరగవలసి వచ్చింది.

నాలుగవ దశ: యేసు గలిలయకు చెందినవాడని తెలిసి, పిలాతు ఆయనను గలిలయ పాలకుడైన హేరోదు అంతిప వద్దకు పంపాడు. హేరోదు ఆయనను అపహసించి తిరిగి పంపాడు. అంతవరకు పగవారైన పిలాతు, హేరోదు ఆ రోజున మిత్రులయ్యారని లూకా చెబుతాడు (23:12).

ఐదవ దశ: పండుగకు ఒక ఖైదీని విడిచిపెట్టే వాడుక ఉన్నదని చెప్పి, యేసు, బరబ్బలలో ఎవరిని విడువవలెనో కోరుకొమ్మని పిలాతు జనాన్ని అడిగాడు. తిరుగుబాటులో హత్య చేసినవారితో పాటు బంధింపబడినవాడు బరబ్బ. జనం బరబ్బనే కోరారు. ఇటువంటి వాడుక ఉన్నట్లు సువార్తలలో తప్ప ఇతర ఆధారాలు లభించలేదు.

ఆరవ దశ: పిలాతు బరబ్బను విడిచి, యేసును కొరడాలతో కొట్టించి, సిలువ వేయడానికి అప్పగించాడు. యోహాను ప్రకారం ఈ తీర్పు రాళ్లు పరచిన గబ్బతా అనే స్థలంలో జరిగినది. ఇది నగరానికి పడమట ఉన్న హేరోదు రాజభవన ప్రాంగణమని ఎక్కువమంది పండితులు, ఆంటోనియా కోట అని సంప్రదాయం చెబుతారు.

విచారణలోని అన్యాయాలు

తీర్పు ముందు, విచారణ తరువాత: యేసును బంధించడానికి ముందే కయప, జనమంతా నశించడం కంటె ఒక్క మనిషి చనిపోవడం మేలని సభలో వాదించినట్లు యోహాను సువార్త (11:50) చెబుతుంది. ఆ ఒక్క మనిషి నేరస్థుడా, కాదా అనే విచికిత్స ఈ వాదంలో లేదు. విచారణ జరిగిన తరువాత తీర్పు రావలసి ఉండగా, ఇక్కడ తీర్పు ముందు వచ్చి, దానికి తగిన విచారణ తరువాత వచ్చింది. అదే సభలోని నీకొదేము, ఒక మనిషి మాట వినకుండా అతనికి తీర్పు చెప్పడం ధర్మశాస్త్ర సమ్మతమా అని అంతకు ముందు ప్రశ్నించాడు (యోహాను 7:51). అతనిని కూడా గలిలయవాడివా అని ఎగతాళి చేసి నోరు మూయించారు.

అభియోగం మారిపోవడం: మహాసభలో అభియోగం దైవదూషణ. రోమను అధికారికి దానితో పని లేదు. అందుచేత పిలాతు ఎదుటికి వచ్చేసరికి అది రాజద్రోహంగా మారినది. యేసు ప్రజలను తిరగబడేటట్లు చేస్తున్నాడనీ, కైసరుకు పన్ను చెల్లించవద్దంటున్నాడనీ, తానే రాజునని చెప్పుకొంటున్నాడనీ మూడు ఆరోపణలు చేశారు (లూకా 23:2). వీటిలో పన్నుకు సంబంధించిన ఆరోపణ అసత్యమని అదే సువార్త 20వ అధ్యాయం చదివినవారికి తెలుస్తుంది. కైసరుకు చెందినది కైసరుకు ఇవ్వవలసిందే అని యేసు అక్కడ బోధించాడు.

నిర్దోషికి శిక్ష: ఈ మనిషిలో తనకు ఏ నేరమూ కనబడలేదని పిలాతు మూడుసార్లు చెప్పినట్లు లూకా, యోహాను ఇద్దరూ వ్రాశారు. హేరోదుకు కూడా నేరం కనబడలేదని పిలాతే గుర్తు చేశాడు. ఆ వెంటనే, కనుక ఇతనిని శిక్షించి విడిచిపెడతానని అన్నాడు (లూకా 23:16). ఈ ఘట్టంలో చాలామంది గమనించకుండా దాటిపోయే వాక్యం ఇది. నేరం లేనప్పుడు శిక్ష ఎందుకు అనే ప్రశ్నకు ఇందులో జవాబు లేదు. నిర్దోషిని కొట్టించడం పిలాతు దృష్టిలో ఒక రాజీ. రాజీ కుదరలేదు. సగం అన్యాయానికి అంగీకరించినవాడు మిగిలిన సగాన్ని కాదనలేకపోయాడు.

బాధ్యతను బదలాయించడం: సువార్తలను కలిపి చదివితే పిలాతు ఈ తీర్పును తప్పించుకోవడానికి అయిదు మార్గాలు వెతికినట్లు కనిపిస్తుంది. మీ ధర్మశాస్త్రం ప్రకారం మీరే తీర్పు చెప్పుకోండని ఫిర్యాదుదారులకు వదలడం, హేరోదుకు పంపడం, బరబ్బ విషయంలో నిర్ణయాన్ని జనానికి విడిచిపెట్టడం, కొరడా దెబ్బలతో సరిపెట్టాలని చూడడం, చివరకు నీళ్లు తెప్పించి చేతులు కడుగుకొనడం. విడుదల చేసే అధికారం తనకు ఉన్నదని అతడే యేసుతో అన్నాడు (యోహాను 19:10). ఆ అధికారాన్ని వినియోగించడం ఒక్కటే అతడు చేయని పని.

మత్తయి సువార్తలో మరొక పోలిక ఉన్నది. యేసును అప్పగించిన యూదా ఇస్కరియోతు పశ్చాత్తాపపడి ముప్పది వెండి నాణెములు తిరిగి తెచ్చినప్పుడు, యాజకులు అది తమకు సంబంధించినది కాదనీ, అతనే చూసుకోవాలనీ అన్నారు. కొద్ది వాక్యాల తరువాత పిలాతు కూడా జనంతో, ఇక మీరే చూసుకోవాలని అంటాడు. రెండుచోట్లా మూల గ్రీకులో వాడినది ఒకే క్రియ. పాపపు సొమ్మును దేవాలయ ఖజానాలో వేయకూడదని యాజకులు నియమం పాటించారు. నియమాలన్నీ పాటింపబడుతూనే ఒక ప్రాణం పోవడాన్ని మత్తయి ఈ విధంగా చూపించాడు.

యూదుల ధర్మశాస్త్రం దృష్టిలో

మరణశిక్షకు ఇద్దరు లేక ముగ్గురు సాక్షులు ఉండాలని ద్వితీయోపదేశకాండము (17:6) విధించినది. అబద్ధ సాక్ష్యం చెప్పినవానికి, నిందితునికి కలుగజేయాలని తలచిన శిక్షనే విధించాలని అదే గ్రంథం (19:18-19) చెబుతుంది. కీడు చేయడానికి సమూహాన్ని వెంబడించకూడదని నిర్గమకాండము (23:2) హెచ్చరిస్తుంది. అనగా ఈ విచారణలో జరిగినదానిని ఖండించడానికి కావలసిన సూత్రాలన్నీ ఆ ధర్మశాస్త్రంలోనే ఉన్నాయి.

సుమారు క్రీ.శ. 200లో సంకలనం చేయబడిన మిష్నాలోని సన్హెద్రిన్ ప్రకరణం మరింత కచ్చితమైన నియమాలు చెబుతుంది. మరణశిక్షకు సంబంధించిన విచారణ పగటిపూటే జరగాలి. నిర్దోషి అనే తీర్పు ఆ రోజునే చెప్పవచ్చును గాని, దోషి అనే తీర్పు మరునాటికి వాయిదా వేయాలి. అందుచేతనే విశ్రాంతి దినానికి, పండుగకు ముందు రోజున ఇటువంటి విచారణ చేపట్టకూడదు. విడుదలకు ఒక్క ఓటు ఆధిక్యం చాలును, మరణశిక్షకు రెండు ఓట్ల ఆధిక్యం కావాలి. సువార్తలలోని రాత్రి విచారణ ఈ నియమాలకు విరుద్ధం. అయితే మిష్నా నియమాలు క్రీ.శ. 30 నాటికి ఆచరణలో ఉన్నాయా అనే విషయంలో పండితులు ఏకీభవించరు. మహాసభలో జరిగినది పూర్తి విచారణ కాదనీ, పిలాతుకు ఫిర్యాదు సిద్ధం చేయడానికి జరిగిన ప్రాథమిక విచారణ మాత్రమేననీ కొందరి అభిప్రాయం. ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి హైమ్ కోన్ 1968లో ప్రచురించిన హీబ్రూ గ్రంథంలో, మహాసభ యేసును రక్షించడానికే ప్రయత్నించినదని వాదించాడు. ఈ వాదాన్ని ఎక్కువమంది ఆమోదించలేదు.

రోమను చట్టం దృష్టిలో

రోమను పౌరులు కానివారి విషయంలో రాష్ట్రాధికారికి చాలా విస్తృతమైన అధికారం ఉండేది. ఫిర్యాదు వినడం, నిందితుని ప్రశ్నించడం, శిక్ష నిర్ణయించడం అన్నీ అతని విచక్షణకు లోబడినవే. అప్పీలు లేదు. కనుక పిలాతు చట్టాన్ని ఉల్లంఘించాడని చెప్పడం కష్టం. చట్టం అతనికి ఇచ్చిన అధికారంతోనే అన్యాయం జరిగినది.

దీనికి పక్కన అపొస్తలుల కార్యములలోని పౌలు విచారణను ఉంచి చూడవచ్చును. పౌలు రోమను పౌరుడు. యెరూషలేములో అతనిని కొరడాలతో కొట్టబోయినప్పుడు తన పౌరసత్వం చెప్పగానే సైనికులు వెనుకకు తగ్గారు (22:25-29). తరువాత ఫేస్తు అనే అధికారి ఎదుట అతడు నేరుగా కైసరుకే చెప్పుకొంటానని కోరగా, ఆ కోరిక అంగీకరింపబడినది (25:11-12). సామ్రాజ్యం అదే, ఆ పదవి కూడా అదే. నిందితుని హోదాను బట్టి చట్టం వేరుగా పనిచేసినది. సిలువ కూడా ముఖ్యంగా బానిసలకు, తిరుగుబాటుదారులకు, పౌరసత్వం లేనివారికి విధించే శిక్ష.

పిలాతు స్వభావం

సువార్తలలోని పిలాతు సందేహించేవాడు, వెనుకాడేవాడు. సమకాలికుడైన అలెగ్జాండ్రియా ఫిలో చిత్రించిన పిలాతు మొండివాడు, లంచగొండి, విచారణ లేకుండా మరణశిక్షలు అమలు జరిపినవాడు. చక్రవర్తి చిత్రాలున్న సైనిక ధ్వజాలను యెరూషలేములోకి తెప్పించడం, దేవాలయ ధనంతో నీటి కాలువ కట్టించి, ఎదిరించినవారిని సైనికుల చేత కొట్టించడం జోసీఫస్ వర్ణించాడు. చివరకు గెరిజీము కొండ వద్ద సమరయులను చంపించినందుకు సిరియా అధికారి విటెల్లియస్ అతనిని రోముకు పంపివేశాడు. అతడు రోముకు చేరేలోగా, క్రీ.శ. 37లో, తిబెరి చక్రవర్తి మరణించాడు.

ఈ రెండు చిత్రాలకు పొసగదని కొందరు, రోమను సామ్రాజ్యంలో బ్రతకవలసిన తొలి క్రైస్తవులు రోమను అధికారి తప్పును తగ్గించి వ్రాశారని కొందరు భావిస్తారు. మరికొందరు ధ్వజాల విషయంలో పిలాతు జనం పట్టుదలకు లొంగి వాటిని తీసివేయించిన సంగతిని చూపి, కఠినత్వమూ భయమూ ఒకే మనిషిలో ఉండవచ్చునంటారు. యోహాను ప్రకారం అతనిని లొంగదీసినది, యేసును విడిచిపెడితే కైసరుకు మిత్రుడవు కావనే బెదిరింపు (19:12).

న్యాయతత్త్వంలో చర్చ

ఆంగ్ల తత్త్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ 1859లో ప్రచురించిన స్వేచ్ఛను గురించిన గ్రంథంలో సోక్రటీసు విచారణతో పాటు ఈ ఘట్టాన్ని కూడా ఉదాహరించాడు. యేసుకు శిక్ష కోరినవారు దుర్మార్గులు కారనీ, తమ కాలపు మత భావాలు, నైతిక భావాలు నిండుగా గలవారనీ అతడు వ్రాశాడు. మంచివారమనుకొనేవారే ఇటువంటి పని చేయగలరు గనుక ఏ అభిప్రాయాన్నీ అధికారబలంతో అణచరాదని అతని వాదం.

దీనికి జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ 1873లో సమాధానం వ్రాశాడు. ఇతడు 1869 నుండి 1872 వరకు భారత వైస్రాయి మండలిలో న్యాయశాఖ సభ్యుడు. 1872 నాటి భారత సాక్ష్య చట్టాన్ని రూపొందించినవాడు. ఆ చట్టం స్థానంలో 2024 జూలై 1 నుండి భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చింది. పిలాతు మొదటి కర్తవ్యం పాలస్తీనాలో శాంతిని కాపాడడమనీ, అందుకు తన చర్య అవసరమని అతడు సద్బుద్ధితో, తగిన కారణాలతో నమ్మి ఉంటే అతనిని తప్పు పట్టలేమనీ స్టీఫెన్ వాదించాడు. పంజాబులో పాలన సాగిస్తున్న బ్రిటిషు అధికారికి ఇటువంటి పరిస్థితి ఎదురైతే ఏమి చేస్తాడో ఆలోచించుకొమ్మన్నాడు. సాక్ష్యం లేనిదే శిక్ష లేదనే సూత్రాన్ని ఈ దేశానికి చట్టంగా వ్రాసి ఇచ్చిన వ్యక్తి, పరాయి పాలన నిలవడం కోసం ఒక నిర్దోషి మరణాన్ని సమర్థించడం గమనించదగిన విషయం. నిజానికి ఈ వాదం కొత్తది కాదు. జనమంతటి క్షేమం కోసం ఒక్కని ప్రాణం అన్న కయప వాదానికి ఇది పాలకుని భాషలో చెప్పిన రూపం.

ఆస్ట్రియా న్యాయశాస్త్రవేత్త హాన్స్ కెల్సన్ 1929లో ప్రజాస్వామ్యాన్ని గురించిన తన గ్రంథాన్ని ఈ ఘట్టంతోనే ముగించాడు. సత్యమంటే ఏమిటని అడిగి, జవాబు కోసం ఆగకుండా జనం ఓటుకు వెళ్ళిన పిలాతు అతనికి ప్రజాస్వామ్యపు చిక్కుకు ప్రతీకగా కనిపించాడు. ఈ కథ ప్రజాస్వామ్యానికి వ్యతిరేకమైన వాదంగా చెల్లాలంటే, తమకు తెలిసిన సత్యం మీద దేవుని కుమారునికి ఉన్నంత నిశ్చయం వాదించేవారికి ఉండాలని అతడన్నాడు. దీనిపై విమర్శకులు మరొక సంగతి ఎత్తి చూపారు. ఒక మనిషి దోషి అవునా కాదా అనేది ఓటుతో తేల్చవలసిన విషయం కాదు. దానిని జనానికి విడిచినప్పుడే పిలాతు న్యాయమూర్తిగా తన పనిని మానుకొన్నాడు.

నింద ఒక జాతి మీదికి మళ్ళడం

ఈ విచారణ కథ చదివినవారు, ప్రకటించినవారు కొన్ని శతాబ్దాల పాటు మరొక అన్యాయానికి కారకులయ్యారు. యేసు రక్తబాధ్యత తమ మీదను, తమ పిల్లల మీదను ఉండుగాక అని జనం అన్నట్లు మత్తయి (27:25) వ్రాసిన మాటను తీసుకొని, ఆ నేరాన్ని యూదు జాతి మొత్తానికి అంటగట్టారు. రెండవ శతాబ్దంలోనే సార్దీసు బిషప్ మెలిటో తన పస్కా ప్రసంగంలో ఇశ్రాయేలును హంతకునిగా నిందించాడు. మధ్యయుగాలలో ఐరోపాలో యూదులపై జరిగిన దాడులకు, బహిష్కరణలకు ఈ నింద ఒక సాకుగా ఉపయోగపడినది. శ్రమవారపు రోజులు యూదులకు భయపడే రోజులుగా ఉండేవి.

జర్మనీలోని ఒబెరామెర్గావ్ గ్రామంలో 1634 నుండి ప్రదర్శింపబడుతున్న యేసు శ్రమల నాటకాన్ని హిట్లర్ 1930లోను, 1934లోను చూశాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జరిగిన యూదుల సామూహిక హత్యల తరువాత క్రైస్తవ సంఘాలు తమ బోధను పునఃపరిశీలించుకొన్నాయి. 1965 అక్టోబరు 28న రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన ప్రకటన, యేసు శ్రమలలో జరిగినదానిని నాటి యూదులందరికీ గాని, నేటి యూదులకు గాని అంటగట్టరాదని స్పష్టం చేసినది. ఈ ప్రకటనకు అనుకూలంగా 2,221 ఓట్లు, వ్యతిరేకంగా 88 ఓట్లు వచ్చాయి. ఒబెరామెర్గావ్ నాటక పాఠాన్ని కూడా క్రమంగా సవరించారు.

సువార్తలలోనే ఈ నిందకు విరుద్ధమైన సాక్ష్యం ఉన్నది. యేసు, ఆయన తల్లి, శిష్యులు అందరూ యూదులే. మహాసభ సభ్యుడైన అరిమతయియ యోసేపు ఆ సభ ఆలోచనకు సమ్మతించలేదని లూకా (23:51) చెబుతాడు. సిలువకు వెళ్ళే దారిలో యేసు కోసం రోదిస్తూ వెంట నడిచిన స్త్రీలు యెరూషలేము స్త్రీలే. సిలువ శిక్ష విధించినది, అమలు జరిపినది రోమనులు. నిర్దోషి అని తెలిసి ఒకనిని శిక్షించడాన్ని ఖండించే కథను, నిర్దోషులైన లక్షలాది మందిని శిక్షించడానికి వాడుకొన్నారు.

సంప్రదాయం, సాహిత్యం, కళలు

క్రైస్తవుల విశ్వాస ప్రమాణంలో యేసు, మరియ కాక పేరుతో పేర్కొనబడిన మనిషి పిలాతు ఒక్కడే. ఇథియోపియా సంఘం అతనిని పశ్చాత్తాపపడిన పరిశుద్ధునిగా గౌరవిస్తుంది. కతోలిక సంప్రదాయంలోని సిలువ మార్గంలో 14 స్థలాలు ఉండగా, మొదటిది పిలాతు యేసుకు మరణశిక్ష విధించిన స్థలం. తెలుగు ప్రాంతాలలోని కతోలిక దేవాలయాలలో తపస్సు కాలంలో దీనిని ఆచరిస్తారు.

జర్మను సంగీతకారుడు బాఖ్ కూర్చిన యోహాను శ్రమల గానం 1724లో మొదటిసారి వినిపించబడినది. ఫ్రెంచి రచయిత అనతోల్ ఫ్రాన్స్ 1892లో ప్రచురించిన కథలో ముసలివాడైన పిలాతుకు నజరేయుడైన యేసు అనే పేరే జ్ఞాపకం రాదు. స్వీడిషు రచయిత పేర్ లాగర్‌క్విస్ట్ 1950లో బరబ్బ జీవితాన్ని నవలగా వ్రాశాడు. రష్యను రచయిత బుల్గాకోవ్ నవల మాస్టర్ అండ్ మార్గరీటా రచయిత మరణించిన చాలా ఏళ్ళకు, 1966-67లో ఒక పత్రికలో వెలువడినది. అందులో పిలాతును వేధించే పాపం పిరికితనం.

తెలుగులో గుఱ్ఱం జాషువా రచించిన క్రీస్తు చరిత్ర కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది. కుల వివక్ష వలన తాను స్వయంగా అవమానాలు పొందిన కవి అన్యాయానికి గురైన యేసు జీవితాన్ని కావ్యవస్తువుగా స్వీకరించడం విశేషం. 1978లో విడుదలైన కరుణామయుడు చలనచిత్రంలో విజయచందర్ యేసు పాత్ర ధరించాడు. చదువు రాని గ్రామీణ ప్రజలకు కూడా యేసు కథ దృశ్యరూపంలో చేరడానికి ఈ చిత్రం తోడ్పడినది.

బాధ్యత నుండి తప్పుకొనడం అనే అర్థంలో చేతులు కడుగుకొనడం అనే మాట ఈ ఘట్టం నుండి అనేక భాషలలోకి వెళ్ళినది. తెలుగులో చేతులు దులుపుకొనడం అనే జాతీయం ఇంచుమించు ఇదే అర్థంలో ఉన్నది. అయితే ద్వితీయోపదేశకాండము (21:1-9) ప్రకారం చేతులు కడుగుకొనే ఆచారం, హంతకుడెవరో తెలియని శవం పొలంలో కనబడినప్పుడు, ఆ హత్యలో తమకు పాలు లేదని ఊరి పెద్దలు ప్రకటించడానికి ఏర్పడినది. పిలాతు ఎదుట నిలిచినవాడు అప్పటికి ఇంకా బ్రతికే ఉన్నాడు. ఆయనను చంపే ఉత్తరువు ఇవ్వవలసినవాడు పిలాతే.